కుసుమ రేకల కషాయం, కుసుమ పాలు, పెరిగిన ఐఎన్‌ఆర్: ఒక కేసు పరిశీలన

వికారాబాద్ జిల్లా తాండూరు ప్రాంతానికి చెందిన 58 ఏళ్ల రైతు ఒకరు, మార్చి మొదటి వారంలో, చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని, దెబ్బ తగలకుండానే కుడి ముంజేతి మీదా ఎడమ తొడ మీదా కమిలిన మచ్చలు వచ్చాయని చెబుతూ హైదరాబాద్‌లో మేము పనిచేసే ఆసుపత్రి హృద్రోగ విభాగానికి వచ్చారు. చిన్ననాటి రుమాటిక్ జ్వరం వల్ల పాడైపోయిన గుండె మైట్రల్ కవాటాన్ని తొమ్మిదేళ్ల కిందట తొలగించి, దాని స్థానంలో యాంత్రిక కవాటం అమర్చారు. అప్పటి నుంచి ఆయన రోజూ రాత్రి రక్తం గడ్డకట్టకుండా చేసే ఎసినోకౌమరాల్ 3 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. ఇటువంటి కవాటం ఉన్నవారికి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని సూచించే అంకె అయిన ఐఎన్‌ఆర్ 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. ఆయనకు అంతకుముందు వరుసగా చేసిన నాలుగు పరీక్షల్లోనూ అది 2.7 నుంచి 3.2 దాకా నిలకడగానే ఉంది. ఆ రోజు మాత్రం 5.8 వచ్చింది.

రక్తం పలుచబరిచే మందులు వాడే రోగుల మందుల చరిత్రను సేకరించడం క్లినికల్ ఫార్మసిస్టుగా నా బాధ్యత. ఐఎన్‌ఆర్ ఉన్నట్టుండి పెరిగినప్పుడు ముందుగా చూడవలసినవి చాలా మామూలు విషయాలు. మాత్ర బలం మారిందా, రెండు పూటలు పొరపాటున వేసుకున్నారా, మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ వంటి యాంటీబయాటిక్ ఏదైనా మధ్యలో వాడారా, మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ కొనుక్కున్నారా, పారాసిటమాల్ రోజుల తరబడి ఎక్కువ మోతాదులో వేసుకున్నారా, మద్యం అలవాటు ఉందా అన్నవి ఒక్కొక్కటే అడిగాము. ఖాళీ స్ట్రిప్పులు తెప్పించి మిగిలిన మాత్రలు లెక్కపెడితే మోతాదు సరిగానే ఉంది. కాలేయ పరీక్షలు, క్రియాటినిన్, థైరాయిడ్, ప్లేట్‌లెట్ల సంఖ్య అన్నీ సాధారణంగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12.4. మలంలో రక్తం లేదు. నొప్పి మాత్రలు వద్దని గుండె వైద్యులు మొదట్లోనే హెచ్చరించడంతో, మోకాళ్లు ఎంత సతాయించినా ఆయన వాటి జోలికి పోలేదు.

ఆ హెచ్చరికను పాటించాలనే ఉద్దేశంతోనే ఆయన వేరే దారి పట్టారు. ఆకుమందులు, కషాయాలు, పొడులు ఏమైనా వాడుతున్నారా అని అడిగితే మొదట లేదన్నారు. ఇంట్లో పండినదాన్ని మందుగా లెక్కవేయడం మన వాళ్లకు అలవాటు లేదు గనుక, ఈ ప్రశ్నను నేను ఎప్పుడూ రెండోసారి వేరే విధంగా, “ఈ నెలలో కొత్తగా తాగింది, తిన్నది ఏమిటి” అని వేస్తాను. అప్పుడు ఆయన భార్య అందుకుని, కుసుమ పూలు మరిగించిన నీళ్లు మూడు వారాలుగా రెండు పూటలా తాగుతున్నారని చెప్పారు. కీళ్ల నొప్పులకు మంచిదని బంధువు ఒకరు చెప్పారట. “మా చేను పూలే సార్, కల్తీ ఏముంటది?” అన్నారాయన.

తాండూరు నల్లరేగడి నేలల్లో కుసుమ (సాఫ్లవర్) పాత నూనెగింజల పంట. అక్టోబరులో విత్తితే ఫిబ్రవరి, మార్చిల్లో కోతకు వస్తుంది. ముళ్లు గుచ్చుకోకుండా మంచుకు మెత్తబడి ఉండే తెల్లవారుజామున కోస్తారు. పూత అయిపోయి రేకలు వాడినప్పుడు వాటిని లాగి తీసుకున్నా లోపలి గింజకు నష్టం ఉండదు. కనుక ఆ నెలల్లో కుసుమ వేసిన రైతు ఇంట్లో రేకలు, కొత్త గింజలు, గానుగ నూనె మూడూ ఒకేసారి ఉండడం సహజం. ఈ సంగతి తెలియడం వల్లనే కషాయంతో ఆగకుండా తక్కిన రెండింటి గురించి కూడా అడిగాను. ఇంట్లో వంట నూనెను మార్చి నెల రోజులు దాటిందని, ప్యాకెట్ పొద్దుతిరుగుడు నూనె బదులు సొంత గింజల నూనె వాడుతున్నారని తెలిసింది. దానికి తోడు, మలబద్ధకం పోవడానికని ఆయన పది రోజుల కిందట కుసుమ పాలు మొదలుపెట్టారు. గింజలను రాత్రి నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి, బెల్లం వేసి కాచే ఈ పాలు అటు కర్ణాటక సరిహద్దు పల్లెల్లో బాగా వాడుకలో ఉన్నాయి. మలబద్ధకం పోవడమేమో గానీ రోజుకు మూడు నాలుగు విరేచనాలు అయ్యాయి. “వారం సంది మజ్జిగ అన్నం తప్ప ఏం తింటలేడు” అని ఆమె చెప్పిన మాట, ఈ కేసులో నాకు దొరికిన అన్ని ఆధారాల్లోకి ముఖ్యమైనది.

రేకల పరీక్ష

మరుసటి రోజు వాళ్ల అబ్బాయి రేకల డబ్బా తెచ్చాడు. రోగి చేతనే ఒక పూటకు వేసే గుప్పెడు తీయించి తూచాను. 6 గ్రాములు ఉంది. అంటే రోజుకు 12 గ్రాములు. చైనా ఫార్మకోపియా (ఆ దేశపు అధికారిక ఔషధ ప్రమాణాల గ్రంథం) ఎండిన కుసుమ రేకలకు చెప్పిన రోజువారీ మోతాదు 3 నుంచి 10 గ్రాములు మాత్రమే.

గుర్తింపు కష్టం కాలేదు. కుసుమ పువ్వు నిజానికి ఒక పువ్వు కాదు, గుత్తిగా అమరిన అనేక చిరుపుష్పాల సమూహం. మనం రేక అని పిలిచేది ఒక్కో చిరుపుష్పం. నీటిలో నానబెట్టి తెల్లని పింగాణీ పళ్లెంలో పరిచి భూతద్దంతో చూస్తే, దారంలాంటి సన్నని గొట్టం, దాని చివర అయిదు చీలికలు, మధ్యలో ఒకదానికొకటి అతుక్కున్న పసుపు పచ్చని పరాగకోశాల గొట్టం, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన కీలాగ్రం స్పష్టంగా కనిపించాయి. కుంకుమపువ్వయితే ఇవేవీ ఉండవు. అది ఎర్రని కీలాగ్రం మాత్రమే, కొస దగ్గర బూర మాదిరిగా వెడల్పవుతుంది. నీటికి పసుపు రంగు రెండూ ఇస్తాయి కాబట్టి రంగు చూసి తేల్చడం కుదరదు.

ఆ రేకలను చన్నీళ్లలో పలుమార్లు కడిగాను. మొదటి నీళ్లు చిక్కని పసుపు, చివరికి దాదాపు తేట. పసుపంతా పోయాక రేకలు మునుపటికన్నా ఎర్రగా కనిపించాయి. వాటిని పలుచని సోడియం కార్బొనేట్ ద్రావణంలో వేయగానే ఎరుపు కరిగి దిగింది. వెంటనే నిమ్మ ఉప్పు కలిపి, ఒక దూది ఉండను అందులో ముంచితే అది గులాబీ రంగు పట్టుకుంది, కుళాయి కింద కడిగినా వదలలేదు. పాతకాలపు అద్దకం పనివాళ్లు బట్టకు కుసుంబా రంగు ఎక్కించినది ఇదే రసాయనంతో. ఆ ఎరుపు కార్థామిన్ అనే పదార్థం; అది మామూలు నీటిలో దాదాపు కరగదు, క్షారంలో కరుగుతుంది, ఆమ్లం తగిలితే బయటపడి నూలుకు అంటుకుంటుంది. ఈ చిన్న పరీక్ష వల్ల కేసుకు ఉపయోగపడే విషయం ఒకటి తెలుస్తుంది: జనం ఏ ఎరుపును చూసి రేకలకు విలువ కడతారో ఆ ఎరుపు కషాయంలోకి దాదాపుగా రాదు. రోగి తాగినది ముఖ్యంగా నీటిలో కరిగే పసుపు పదార్థాలను.

ఆ పసుపు పదార్థాల్లో ప్రధానమైనది హైడ్రాక్సీ సాఫ్లార్ యెల్లో ఏ. ఇదీ, కార్థామినూ ఒకే కుటుంబానికి చెందినవి; రెండూ క్వినోచాల్కోన్ సి-గ్లైకోసైడ్లు, అంటే చక్కెర అణువు ఆక్సిజన్ ద్వారా కాక నేరుగా కార్బన్‌కు అతుక్కుని ఉన్నవి. ఇటువంటి అణువులు కుసుమ మొక్కకే ప్రత్యేకం అనవచ్చు. కార్థామిన్ సరైన నిర్మాణం 1979లో గానీ తేలలేదు. యెల్లో ఏ 1990లలో బయటపడింది. ఎండు రేకల్లో ఇది కనీసం 1 శాతం ఉండాలని చైనా ఫార్మకోపియా నిర్దేశిస్తుంది. ఆ లెక్కన 12 గ్రాముల మంచి రేకల్లో 120 మిల్లీగ్రాములకు తక్కువ ఉండదు, అయితే ఎక్కువ సేపు మరిగిస్తే కొంత నశిస్తుంది. వీటికి తోడు కెంఫెరాల్, క్వెర్సెటిన్ వర్గపు ఫ్లేవనాయిడ్లు రేకల్లో ఉంటాయి.

ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకునేలా చేసే సంకేతాల్లో ఒకటైన ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్‌ను దాని గ్రాహకం దగ్గరే యెల్లో ఏ అడ్డుకుంటుందని ప్రయోగశాల అధ్యయనాల్లో తేలింది. చైనాలో కుసుమ పసుపు పదార్థాలను శుద్ధి చేసి ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) రోగులకు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. మన దగ్గర కుసుమ రేకల టీ అమ్మేవారు ఈ అధ్యయనాలనే చూపిస్తారు. అయితే ఒక తేడాను చెప్పరు. ఈ అణువు నీటిని ఇష్టపడేది, పెద్దది, పేగు పొరను దాటడం దానికి కష్టం. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో నోటి ద్వారా ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరింది అతి కొద్ది భాగమే. సిరలోకి ఎక్కించిన ఇంజెక్షన్ ఫలితాలను గ్లాసులోని కషాయానికి అంటగట్టడం సరికాదు.

గర్భిణుల విషయంలో మాత్రం కషాయమని తేలిగ్గా తీసుకోకూడదు. సంప్రదాయ వైద్యంలో ఈ రేకలను నిలిచిపోయిన బహిష్టును తెప్పించడానికి వాడతారు. గర్భాశయ కండరాన్ని సంకోచింపజేసే గుణం ఉంది గనుకనే చైనా ఫార్మకోపియా గర్భిణులకు జాగ్రత్త చెప్పింది. కుంకుమపువ్వులో కలిపే కల్తీల్లో కుసుమ రేక అతి పాతది, అతి సులువైనది. కడుపుతో ఉన్న అమ్మాయికి పాలల్లో వేసి ఇవ్వడానికి రోడ్డు పక్కన చవగ్గా కొన్న కుంకుమపువ్వు అసలుదేనా అని ఆ పాలు ఇచ్చేవాళ్లు ఎంతమంది చూస్తున్నారు?

ఐఎన్‌ఆర్‌ను పెంచింది రేకలేనా?

వార్డులో చాలామంది అభిప్రాయం అప్పటికే ఏర్పడిపోయింది: కుసుమ రేకలు రక్తాన్ని పలుచబరుస్తాయి, ఆయన రక్తం పలుచబడింది, కాబట్టి కారణం రేకలే. ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఐఎన్‌ఆర్ దేన్ని కొలుస్తుందో గుర్తు చేసుకుంటే నిలబడదు. ఐఎన్‌ఆర్ ప్లేట్‌లెట్ల పనిని కొలవదు. అది ప్లాస్మాలోని గడ్డకట్టే కారకాలను, ముఖ్యంగా కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే 2, 7, 10 కారకాలను చూపిస్తుంది. ఆస్పిరిన్ వేసుకున్న మనిషికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, ఐఎన్‌ఆర్ పెరగదు. అలాగే రేకలు ప్లేట్‌లెట్లను ఎంత అడ్డుకున్నా ఆ ఒక్క కారణంతో 3 నుంచి 5.8కి వెళ్లడం సాధ్యం కాదు. దానికి రెండే దారులున్నాయి. ఎసినోకౌమరాల్‌ను విచ్ఛిన్నం చేసే సీవైపీ2సీ9 ఎంజైమ్ మందగించి మందు రక్తంలో పేరుకుని ఉండాలి. లేదా శరీరానికి అందే విటమిన్ కె తగ్గి ఉండాలి.

రెండో దారికి సాక్ష్యం ఆయన భార్య మాటల్లోనే ఉంది. కుసుమ గింజలో లిగ్నాన్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు రెండున్నాయి: మాటైరెసినాల్ గ్లూకోసైడ్ చేదుకు కారణం, 2-హైడ్రాక్సీఆర్క్టిన్ విరేచనానికి కారణం. నూనె తీశాక మిగిలిన తెలగపిండి మనుషులకే కాదు పశువులకూ నోటికి చేదుగా ఉండడానికి, ఎక్కువైతే పారడానికి ఇవే మూలం. ఇవి నూనెలో కరగవు, కాబట్టి గానుగలో పిండిలోనే ఉండిపోతాయి. నీళ్లు పోసి రుబ్బి వడగట్టే కుసుమ పాలల్లోకి మాత్రం దిగుతాయి. వారం రోజుల విరేచనాలు, దానికి తోడు మజ్జిగ అన్నం. అంతకుముందు వారానికి నాలుగైదు సార్లు పాలకూరో తోటకూరో తినే మనిషి, ఆకుకూర ముట్టడం మానేశాడు. శరీరంలో విటమిన్ కె నిల్వలు స్వల్పం. 7వ కారకం సగం ఆయుష్షు, అంటే రక్తంలో అది సగానికి తగ్గడానికి పట్టే సమయం, కొన్ని గంటలే. ఇటువంటి స్థితిలో మాత్ర మోతాదు మారకపోయినా ఐఎన్‌ఆర్ పైకి పోవడం వైద్యులు తరచూ చూసేదే. వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో వచ్చి పరీక్ష చేయించుకోమని ఈ మందు వాడేవారికి చెప్పేది అందుకే.

కాబట్టి నా అంచనా ఇది: అంకె పెరగడానికి ప్రధాన కారణం గింజ, పెరిగిన అంకెతో పాటు చిగుళ్లు, చర్మం రక్తం కార్చేంత దూరం రావడంలో రేకలకు కొంత వాటా ఉండవచ్చు. ఐఎన్‌ఆర్ 5.8 ఉన్న చాలామందిలో రక్తస్రావమేమీ కనిపించదు కదా. రేకల్లోని ఫ్లేవనాయిడ్లు ఎంజైమ్‌ను కొంత మందగింపజేసే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము, కానీ మూడు వారాల కషాయంలో మొదటి పది రోజులు ఏ లక్షణమూ లేకుండా గడిచాయి. మచ్చలు కనిపించింది కుసుమ పాలు మొదలయ్యాకే.

నూనె సంగతి

ఇంట్లో వాళ్లకు అన్నిటికన్నా పెద్ద అనుమానం నూనె మీద ఉండింది, ఎందుకంటే కుటుంబమంతా తింటున్నది అదే. దాన్ని నేను నిర్దోషిగా లెక్కవేశాను. సాధారణ కుసుమ నూనెలో దాదాపు నాలుగింట మూడు వంతులు లినోలిక్ ఆమ్లం, 15 శాతం దాకా ఒలీక్ ఆమ్లం, తక్కినది పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు. రేకల రంగు పదార్థాలు గానీ, గింజ లిగ్నాన్లు గానీ అందులోకి రావు. విటమిన్ కె 100 గ్రాములకు సుమారు 7 మైక్రోగ్రాములు. అంతకుముందు వాడిన పొద్దుతిరుగుడు నూనెలోనూ దాదాపు అంతే. సోయా నూనె మానేసి కుసుమకు మారి ఉంటే వేరే మాట, దానిలో 180 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది కాబట్టి. కుసుమ నూనెలో విటమిన్ ఇ పుష్కలమే, 100 గ్రాములకు 34 మిల్లీగ్రాముల వరకు. కానీ రోజుకు 20 గ్రాముల నూనెతో చేరేది ఏడు మిల్లీగ్రాముల లోపు, రక్తస్రావానికి దారితీసే మోతాదు వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది.

ఐఎన్‌ఆర్‌ను కదపదు అంటే గుండెకు మంచిదని అర్థం కాదు, ఈ రెండింటినీ కలిపేయకూడదు. గుండెపోటు వచ్చిన 458 మంది పురుషులతో సిడ్నీలో 1966 నుంచి 1973 దాకా జరిగిన ప్రయోగంలో, సంతృప్త కొవ్వుల బదులు కుసుమ నూనె, దాని మార్గరిన్ తిన్న వర్గంలో కొలెస్టరాల్ తగ్గింది గానీ మరణాలు 17.6 శాతం, మామూలు ఆహారం తిన్న వర్గంలో 11.8 శాతం. ఆ పాత వివరాలను మళ్లీ వెలికితీసి పూర్తిగా ప్రచురించింది 2013లో. ఒలీక్ ఆమ్లం అధికంగా ఉండే కుసుమ రకాల నూనె సంగతి వేరు. దాని కొవ్వు కూర్పు ఆలివ్ నూనెకు దగ్గరగా ఉంటుంది, దానికి ఈ ఫలితాలు వర్తించవు. చరకుడు సూత్రస్థానంలో కుసుంభ తైలాన్ని వేడి, బరువు, మంటను పుట్టించేది, సర్వదోషాలనూ ప్రకోపింపజేసేది అని వర్ణించాడు. సిడ్నీ లెక్కలకూ ఆ శ్లోకానికీ సంబంధం అంటగట్టను గానీ, ఆయుర్వేదం పేరు చెప్పి కుసుమ నూనెను గుండెకు అమృతమని అమ్మేవాళ్లు ఆ శ్లోకాన్ని ఒకసారి చదివితే బాగుంటుంది.

చికిత్స, తరువాతి పరిణామం

ప్రాణాపాయకరమైన రక్తస్రావం లేదు; యాంత్రిక కవాటం ఉన్నచోట విటమిన్ కె ఇచ్చి ఐఎన్‌ఆర్‌ను ఒక్కసారిగా కిందికి లాగితే కవాటం మీద గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. అందువల్ల గుండె వైద్యులు విటమిన్ కె ఇవ్వలేదు. రెండు రాత్రుల మాత్ర ఆపారు, రేకల కషాయాన్నీ కుసుమ పాలనూ మాన్పించారు, నూనె మార్చమనలేదు. ఎసినోకౌమరాల్ సగం ఆయుష్షు 8 నుంచి 11 గంటలే కాబట్టి ఇదే కోవకు చెందిన వార్ఫరిన్ కన్నా దీని ప్రభావం త్వరగా దిగుతుంది. మూడో రోజుకు ఐఎన్‌ఆర్ 3.6కు వచ్చింది, విరేచనాలు అప్పటికే ఆగాయి, చిగుళ్ల రక్తం నిలిచింది. పాత మోతాదే, 3 మిల్లీగ్రాములు, మళ్లీ మొదలుపెట్టగా వారం తరువాత 2.9, నెల తరువాత 2.8. ఈ కాలమంతా ఇంట్లో వంట కుసుమ నూనెతోనే జరిగింది. అది కారణం కాదనడానికి లెక్కలకన్నా ఇదే బలమైన రుజువు.

మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకు పంపిన నివేదికలో రేకలనూ గింజలనూ రెండింటినీ అనుమానిత పదార్థాలుగా వేర్వేరుగా నమోదు చేసి, రెండింటికీ కార్యకారణ సంబంధాన్ని ‘సంభవం’ అనే స్థాయిలోనే ఉంచాను. రెండింటినీ ఒకేసారి ఆపాము, మళ్లీ ఇచ్చి చూడడం నైతికంగా కుదరదు, కాబట్టి ఏది ఎంత చేసిందో విడదీసి అంతకన్నా గట్టిగా రాయడానికి ఆధారం లేదు. పరిమాణం, తయారుచేసిన పద్ధతి, మొక్కలో ఏ భాగం అన్నవి ఆ ఫారంలో విడివిడిగా రాశాను. “కుసుమ వాడారు” అని ఒక్క మాట రాస్తే ఆ నివేదిక చదివేవారికి ఉపయోగం సున్నా.

మోకాళ్ల నొప్పి అలాగే ఉండిపోయింది కనుక ఆయనను ఫిజియోథెరపీకి పంపారు, తొడ కండరాల వ్యాయామాలు నేర్పారు. నొప్పి మరీ ఎక్కువైన రోజుల్లో పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుకు మించకుండా, వరుసగా మూడు రోజులకన్నా ఎక్కువ కాకుండా వేసుకోవచ్చని, అంతకు మించితే ముందుగా ఐఎన్‌ఆర్ చూపించుకోవాలని ఆయన చేతి పుస్తకంలో రాసి ఇచ్చాము. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ సూచించాము, అదీ రాత్రి మాత్రకు రెండు గంటల ఎడంతో. ఆకుకూరలు మునుపటిలాగే, ఎక్కువా తక్కువా కాకుండా తినమన్నాము. డబ్బాలో మిగిలిన రేకలను తాండూరు సంతలో అమ్మేయవచ్చా అని వాళ్ల అబ్బాయి అడిగాడు. అమ్ముకోవచ్చు, కుసుమ రేకలని చెప్పి అమ్మమన్నాను.